మూడో హెచ్చరిక

మా ఆయన బస్సు డ్రైవరు. గొంతు కూడా బస్సు హారనే. ఆయన ఫోను మాట్లాడితే అవతలివాడికి ఫోనక్కర్లేదు, కిటికీ తీసుకుంటే చాలు. నా నోరూ ఏం తక్కువ కాదు. అలాంటి ఇద్దరికి పుట్టిన పిల్ల, ఉన్న ఒక్క గదిలో, చీమ చిటుక్కుమనకుండా డిగ్రీ ఆఖరి పరీక్షలు రాయాలట! ఈ రూలు ఎవడు పెట్టాడో గానీ, వాడి ఇంట్లో ఎన్ని గదులున్నాయో అడగాలి.

ఊరూరా రోగం పాకి కాలేజీ మూతపడ్డాక పాఠాలన్నీ ల్యాప్‌టాప్‌లోనే సాగాయి. సాగాయి అనడమే గానీ, సగం రోజులు మాస్టారు నోరు తెరిచి అలాగే బొమ్మలా ఆగిపోయేవాడు. పిల్ల మాత్రం పట్టు వదల్లేదు. ఈ పరీక్షలు గట్టెక్కితే ఉద్యోగం ఇస్తామని ఒక కంపెనీ చెప్పింది. తప్పితే ఆ ఉద్యోగం పోయినట్టే. మళ్లీ పరీక్ష ఎప్పుడు పెడతారో కాలేజీవాళ్లకే తెలియదు.

గోడలకు చెవులుంటాయంటారు. ఈ ముదనష్టపు ల్యాప్‌టాప్‌కు కళ్లు కూడా ఉన్నాయి. పిల్ల తల పక్కకు తిప్పితే ఒక హెచ్చరిక. గదిలో ఇంకో గొంతు వినబడితే ఇంకో హెచ్చరిక. మూడోసారికి ఆ పేపరు దానంతటదే మూసుకుపోతుంది. మొదటి పరీక్షలో మా ఆయన తుమ్మినందుకు ఒకటి పడింది, తుమ్మాడని నేను తిట్టినందుకు ఇంకోటి పడింది. ఆ పూట మిగిలిందంతా పిల్ల ఊపిరి బిగబట్టి రాసింది. అయ్యాక మా ఇద్దరికీ చేతులు జోడించి, "మీ కాళ్లు పట్టుకుంటాను, మీ నోళ్లు కట్టేసుకోండి" అంది.

మర్నాటి నుంచి పరీక్ష మొదలయ్యే వేళకు మా ఆయన బయటికెళ్లి మెట్ల మీద కూర్చునేవాడు. నెట్టు ఆగిపోతే రెండో ఫోను అందించడానికి ఒక మనిషి ఉండాలి కాబట్టి, నేను వంట మూలలో కుక్కిన పేనులా పడి ఉండేదాన్ని.

చిత్రమేమిటంటే, పరీక్ష అయ్యాక కూడా ఆయన మాట్లాడటం మానేశాడు. అన్నం పెట్టనా అంటే తల ఊపేవాడు. నీళ్లు కావాలంటే వేలు చూపేవాడు.

"పెళ్లయిన ఇన్నేళ్లకు బుద్ధొచ్చిందయ్యా నీకు!" అని వెక్కిరించాను.

"నాన్నా, పరీక్షలయ్యాక కూడా ఇలాగే ఉండవా, ప్లీజ్!" అని పిల్లా నవ్వింది. ఆయనా నవ్వాడు.

దగ్గొస్తే తువ్వాలు నోట్లో కుక్కుకుని బయటికి పరిగెత్తేవాడు. ఆసుపత్రికి పోదాం పదమన్నాను. "దుమ్ము పట్టిందే. రోగమంటే పై వాటావాళ్లను పట్టుకుపోయినట్టు మనందర్నీ పట్టుకుపోతారు. ఆఖరి పేపరు అయిపోనీ" అని గుసగుసగా అన్నాడు. ఆ గుసగుస కూడా పిల్ల కోసమే అనుకున్నాను. గట్టిగా మాట్లాడే ఊపిరి ఆ మనిషిలో లేదని నాకేం తెలుసు? చెప్పి చస్తే కదా!

ఆఖరి పేపరు సగంలో ఉండగా మెట్ల మీద దగ్గు మొదలైంది. ఎంతకీ ఆగదు. పిల్ల చూపు తలుపు వైపు పోయింది. మెట్ల దాకా వినబడేలా ల్యాప్‌టాప్ టింగుమంది. ఒక హెచ్చరిక. తల వంచుకుని మళ్లీ రాయసాగింది. ఈసారి బయట ఏదో ధబ్బుమని పడింది. పిల్ల ఠక్కున తిరిగింది. మళ్లీ టింగు. రెండోది. నువ్వు రాయి, నేను చూస్తానని సైగ చేసి, పిల్లిలా వెళ్లి తలుపు తీశాను.

ఆయన మెట్ల మీద ఒరిగిపోయి ఉన్నాడు. తువ్వాలు ఇంకా నోట్లోనే ఉంది. పెదాలు నల్లబడ్డాయి.

"అయ్యో దేవుడా! ఏమయ్యా!" అని అరిచాను. వీధంతా వినబడేలా అరిచాను. లోపల ల్యాప్‌టాప్ మూడోసారి టింగుమంది.

తువ్వాలు లాగేసి ఆయన తల ఒళ్లో పెట్టుకున్నాను. పిల్ల పరిగెత్తుకొచ్చి ఆసుపత్రులకు ఫోన్ల మీద ఫోన్లు చేసింది. కొందరు ఎత్తలేదు. ఎత్తినవాళ్లు మంచాల్లేవన్నారు. అంబులెన్సువాడు మీ ముందు చాలామంది వరుసలో ఉన్నారన్నాడు. కింది వాటా తలుపు తెరుచుకుంది, మమ్మల్ని చూసి మూసుకుంది. నేను గుండెలు బాదుకుని ఏడుస్తున్నాను.

ఆయన కళ్లు సగం తెరిచాడు. చెయ్యెత్తి నా నోటి మీద పెట్టాడు.

"అరవకే... పిల్లకు మూడోది పడుతుంది."

పిల్ల ఆయన కాళ్ల దగ్గరే కూర్చుని ఉంది. ఆయనకు కనబడలేదు.

"రాస్తోందా?" అన్నాడు.

"రాస్తోందయ్యా" అన్నాను, ఆయనలాగే గుసగుసగా.

పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుంది. అంబులెన్సు రాలేదు. ఆయన ఊపిరి ఆగేదాకా మేమిద్దరం గట్టిగా ఏడవలేదు.