పద్నాలుగో నంబరు ఫ్రేము

పొద్దున ఎనిమిదింటికి సాంస్కృతిక కేంద్రంలో అన్నిటికన్నా ముందు వినిపించేది పిన్ని బకెట్టు చప్పుడు. ఆమె అక్కడ ఎవరికీ పిన్ని కాదు. ఇరవై ఆరేళ్లుగా ఊడ్చి తుడిచే మనిషి. అయినా డైరెక్టరు గారితో సహా అందరికీ పిన్నే. సోమవారం వస్తే ముందు కిటికీలు తీస్తుంది, తర్వాత కుర్చీలు జరుపుతుంది, ఆ తర్వాత తడిగుడ్డ పిండి పెద్ద హాల్లో తెల్లగోడ మీద మిగిలిపోయిన నీడల్ని తుడుస్తుంది.

ఆ గోడకి అదొక అలవాటు. దాని ముందు ఎవరైనా ఒళ్లు మరిచిపోయి నాట్యం చేస్తే వాళ్ల నీడని అట్టిపెట్టేసుకుంటుంది. చెయ్యి లేచిన చోట చెయ్యి, జడ ఎగిరిన చోట జడ. గోడ తుడిచేదాకా ఆ మనిషి నీడ లేకుండా తిరగాల్సిందే. తడిగుడ్డ పడగానే నీడ జారి, నేల మీద పాక్కుంటూ తన మనిషి కాళ్ల దగ్గరికి వెళ్లిపోతుంది. ఒకసారి ఓ అమ్మాయి సెలవులకి ఊరెళ్లిపోతే, పాపం ఆమె నీడ నాలుగు రోజులు బస్టాపులో నిలబడింది. జనం దాన్ని తొక్కకుండా పక్కనుంచి నడిచారు.

నాట్యం నేర్పే టీచరమ్మకి ఒకటే నియమం. గోడ నీడ పట్టుకున్నాకే తొలి ప్రదర్శన. మోకాలి ఆపరేషను జరిగిన పదకొండేళ్ల నుంచీ ఆమె హాలు మూలన, దీపం కింద, పేము కుర్చీలో కూర్చునే పాఠం చెప్తోంది. చేతిలో చిన్న కర్ర, ముందు ఒక చెక్క దిమ్మె. టక్కు టక్కుమని తాళం. కుర్చీలోంచి కారు దాకా వెళ్లడానికే ఇద్దరు మనుషుల భుజాలు కావాలి.

ఆమె మేనకోడలు తొమ్మిదేళ్లుగా ఆ తాళానికి అడుగులు వేస్తోంది. ఇరవై నాలుగేళ్లు వచ్చాయి. తన తర్వాత చేరిన పిల్లలంతా నీడలు పారేసుకుని, ప్రదర్శనలిచ్చి, ఫొటోలు దిగి వెళ్లిపోయారు. తనని మాత్రం గోడ చూడనే లేదు. అడుగు తప్పదు, ముద్ర తప్పదు, కానీ ఆడుతున్నంతసేపూ వేళ్లు మాత్రం తొడ మీద లెక్క కొట్టుకుంటూనే ఉంటాయి.

"చేతులు కాదే, కాళ్లు!" అని అత్త అరుపు.

"నా బకెట్టు మీద వాయించకు తల్లీ, కన్నం పడుతుంది," అని పిన్ని గొణుగుడు.

నాన్న, అంటే టీచరమ్మ తమ్ముడు, ఈ ఏడాదే ఆఖరని చెప్పేశాడు. ఈ ఆదివారం హాలు ఖాళీ ఉంది. ఆ రోజుకి ప్రదర్శన అయితే అయింది, లేకపోతే సోమవారం నుంచి బాబాయి మందుల షాపులో కూర్చోవాలి. ఆ అమ్మాయికి రాత్రిళ్లు కలలో కూడా తెల్లగోడే కనిపించేది. వెన్నెలంత తెల్లగా, ఒక్క మరక లేకుండా.

ఆ వారం హాల్లో బొమ్మల ప్రదర్శన. ఫ్రేములు కట్టే అతనికి ఒక పద్ధతి ఉంది. గోడ ఈ చివర నుంచి ఆ చివరకి దారం లాగి, ముందు ఖాళీ ఫ్రేములు తగిలిస్తాడు. వరస కుదిరాక, మర్నాడు బొమ్మలు తెచ్చి వాటిలో బిగిస్తాడు. మంగళవారం పొద్దున పద్దెనిమిది ఫ్రేములు తగిలించి, చెవి సందున పెన్సిలు మర్చిపోయి భోజనానికి వెళ్లాడు. పద్నాలుగోది అన్నిటికన్నా పెద్దది, తలుపంత ఉంటుంది.

బుధవారం పొద్దున పద్నాలుగో నంబరు చిత్రకారుడు ఫోన్ చేశాడు. బొమ్మ తనకే నచ్చలేదట, పంపడట. సరే, ఫ్రేము దించుదామని అందరూ వెళ్లి చూస్తే, అందులో నీడ ఉంది.

ఒక కాలు మడిచి, నడుము వంచి, రెండు చేతులూ ఆకాశానికి ఎత్తిన నీడ. ఎవరో ఎవరినో పిలుస్తున్నట్టు, ఆ పిలుపు వినబడిందేమో అని ఆగినట్టు. అంత అందమైన నీడని పిన్ని కూడా తుడవలేదు ఎప్పుడూ. డైరెక్టరు గారు కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నారు.

"ఎవరిదిది? నిన్న క్లాసులే లేవుగా!"

"నాది."

ఆ మాట ఎవరన్నారా అని అమ్మాయి పక్కకి చూసింది. అన్నది తనే. నయం, తలుపు పక్క చీకట్లో నిలబడింది. కాళ్ల కింద నీడ ఉన్నదీ లేనిదీ ఎవరికీ తెలీదు.

కుర్చీలోంచి అత్త ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. తిడుతుందనుకుంది అమ్మాయి. అడుగుతుందనుకుంది, ఎప్పుడు ఆడావు, ఏ పాట, ఎవరు చూశారు అని.

"సరే అయితే. ఆదివారం," అంది అత్త. "కార్డులు వేయించండి."

అంతే! తొమ్మిదేళ్లు కాని పని ఒక్క మాటతో అయిపోయింది. ఈలోపు బొమ్మలు చూడ్డానికి జనం రానే వచ్చారు. వచ్చినవాళ్లు వచ్చినట్టు పద్నాలుగో నంబరు ముందే ఆగిపోయారు.

"ఉంచెయ్యండి," అన్నారు డైరెక్టరు గారు గొంతు తగ్గించి.

ఆ రోజు నుంచి ఆ అమ్మాయి బతుకు గొడుగు కిందకి వచ్చేసింది. నీడ గోడ మీదుందని చెప్పాక, నేల మీద నీడ కనబడకూడదు కదా. ఎండలో గొడుగు, దీపాల కింద గొడుగు, వరండాలో గొడుగు. వీధి దాటాలంటే లారీల నీడలు వెతుక్కునేది. నీడ లేదని దాచుకునేవాళ్లని కేంద్రం చాలామందిని చూసింది గానీ, ఉందని దాచుకున్నది ఈ పిల్ల ఒక్కతే.

గురువారం మెట్ల దగ్గర గాలికి గొడుగు తిరగబడింది. ఎండ కాళ్ల మీద పడింది. బెల్లం పాకంలా నల్లగా, పొడుగ్గా, నిక్షేపంలాంటి నీడ! ఫ్రేములతను నిచ్చెన భుజాన వేసుకుని ఎదురుగా నిలబడి ఉన్నాడు.

అతను నేల చూశాడు, ఆమెని చూశాడు. నిచ్చెన దించి, ఎండకి అడ్డంగా నిలబెట్టాడు. దాని నీడ కింద ఆమె నీడ దాక్కుంది.

"గొడుగు బాగుచేసుకోండి. నాకేం తొందర లేదు," అన్నాడు.

"చెప్పేస్తారా?"

"నేను మేకులు కొట్టేవాణ్ణండీ. బొమ్మలో ఏముందో నాకెందుకు?" అని నవ్వాడు. ఆ నవ్వుకి ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆ సాయంత్రం దీపం వెలుగు అందనంత దూరంలో అభ్యాసం చేస్తుంటే అమ్మాయికి ఇంకో వింత కనబడింది. దీపం వెలుగులో అత్త కర్ర నీడ నేల మీద లేస్తోంది, పడుతోంది. దాన్ని పట్టుకున్న చేతి నీడ మాత్రం లేదు. వట్టి కర్ర, గాలిలో. నిద్ర చాలక కళ్లు మోసం చేస్తున్నాయనుకుని అడుగు వేసింది.

శనివారం సాహిత్య సదస్సు. "చిత్రంలో నాట్యం" అన్నది విషయం. మూడున్నరకి అయిపోవాలి, కానీ సదస్సులు ఎప్పుడు టైముకి అయ్యాయి గనక? నాలుగు కావస్తున్నా విమర్శకుడు కాగితాలు తిప్పుతూనే ఉన్నాడు. నాన్న కొత్త చొక్కా వేసుకొచ్చి మొదటి వరసలో కూర్చున్నాడు. అమ్మాయి ఆఖరి వరసలో కాళ్లు కుర్చీ కిందకి ముడుచుకుంది.

"ఈ బొగ్గు గీతలు చూడండి," అంటున్నాడు విమర్శకుడు పద్నాలుగో నంబరు కేసి చెయ్యి చాచి. "ముప్పై ఏళ్లు సాధన చేసిన పురుష హస్తం ఇది..."

డైరెక్టరు గారికి దగ్గు వచ్చింది.

అప్పుడు వినబడింది బకెట్టు చప్పుడు.

మర్నాడు ప్రదర్శన ఉంటే శనివారం నాలుగింటికి గోడ తుడవాలి. అది పిన్ని పద్ధతి. లోపల రాజుగారున్నా నాలుగంటే నాలుగే. అమ్మాయి ఒక్క గెంతులో ఆమె కొంగు పట్టుకుంది.

"పిన్నీ, ఒక్క గంట ఆగు. నీ కాళ్లు పట్టుకుంటా."

"ఎందుకే ఏడుపు? నీ నీడ నీకొచ్చేస్తుందిగా!"

"పిన్నీ, వద్దు..."

"జరుగు తల్లీ. ఇంటికెళ్లి బోలెడు పనుంది."

విమర్శకుడి నోట్లో మాట నోట్లో ఉండగానే పిన్ని ఫ్రేములోకి చెయ్యి పెట్టి, పైనుంచి కిందకి ఒక్క తుడుపు తుడిచింది. ఎవరి చేతిలోంచో పెన్ను జారి దొర్లుకుంటూ పోయింది. "అయ్యో, అయ్యో, మాస్టర్‌పీసు!" అని విమర్శకుడు తల పట్టుకున్నాడు.

నీడ ఫ్రేములోంచి నేల మీదకి దిగింది. విమర్శకుడి బూట్ల మీంచి పాకింది. కుర్చీల వరసల మధ్యకి వచ్చింది. పిల్లికి దారి ఇచ్చినట్టు మనుషులు మర్యాదగా కాళ్లు ఎత్తారు. అమ్మాయి కళ్లు గట్టిగా మూసుకుంది. నాన్న కొత్త చొక్కా, మందుల షాపు, మెట్ల మీద నిచ్చెన, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. కాళ్ల పక్క చల్లటి గాలి తగిలింది. తగిలి, ఆగకుండా ముందుకి పోయింది.

కళ్లు తెరిచేసరికి అందరూ మూలకి చూస్తున్నారు. నీడ పేము కుర్చీ దగ్గరికి వెళ్లి, టీచరమ్మ పాదాలకి చుట్టుకుని, ఇల్లు చేరిన మనిషిలా సర్దుకుంటోంది.

పదకొండేళ్లుగా సాయం లేకుండా నిలబడని మనిషి! నాన్న లేచి నిలబడి, ఎందుకు లేచాడో మర్చిపోయాడు.

"ఏంటలా గుడ్లప్పగించి చూస్తారు? నీడల్ని ఎప్పుడూ చూళ్లేదా?" అంది టీచరమ్మ.

జనం వెళ్లిపోయాక అమ్మాయి అత్త కాళ్ల దగ్గర కూలబడింది.

"నీకు తెలుసు కదత్తా."

"నా నీడ నాకు తెలీదా ఏంటి? మంగళవారం క్లాసు లేకపోయినా అలవాటు కొద్దీ వచ్చి కూర్చున్నాను. అంతా భోజనానికి పోయారు. కిటికీలోంచి ఎండ వచ్చింది. గోడ చెయ్యి చాచినట్టు అనిపించింది. లేచాను. రెండు నిమిషాలు. ఆ తర్వాత రెండు రోజులు మోకాలి మీద ఐసు పెట్టుకున్నాలే."

"మరి నాదన్నప్పుడు ఎందుకు ఊరుకున్నావు?"

"నీ మొహం చూశానే. ఆ ఆశ! పోనీలే, ఇచ్చేద్దాం అనుకున్నాను. కుర్చీలో కూర్చునే దానికి నీడెందుకు? సోమవారం ఎవరూ లేనప్పుడు తుడవమని చెప్పాను. పిన్ని వింటేగా!"

"నాకు చెప్తే నేనెప్పుడు విన్నాను?" అని దూరం నుంచి పిన్ని.

అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది. "నేను రేపు ఆడనత్తా. నాకు రాదు."

ఏడుస్తూనే ఉంది, వేళ్లు మాత్రం చెక్క దిమ్మె మీద లెక్క కొట్టుకుంటున్నాయి. అత్త ఆ వేళ్ల వంక చూసింది. మొదటిసారి చూసినట్టు చూసింది. చూసి చూసి, "తొమ్మిదేళ్లు!" అని నుదురు కొట్టుకుంది. "నా కళ్లకి ఏం పుట్టిందే?" అని తన చేతిలో కర్ర తీసి ఆ చేతిలో పెట్టింది.

ఆదివారం సాయంత్రం తెర లేచేసరికి హాల్లో అందరి నోళ్లూ తెరుచుకున్నాయి. బొమ్మలు దించేసిన గోడ ముందు గజ్జెలు కట్టుకుని టీచరమ్మ. పేము కుర్చీలో మేనకోడలు. ఉన్నది ఒకే పాట. టక్కుమని కర్ర పడింది. మోకాలు తడబడ్డ చోట తాళం తడబడకుండా ఆగింది, అడుగు కుదిరాక కలుపుకుంది, ఆవిడ నవ్విన చోట పరుగెత్తింది. కర్ర వేస్తున్న పిల్లకి అక్కడ జనం ఉన్నారన్నది కూడా గుర్తులేదు.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి పిన్ని కిటికీలు తీసింది, కుర్చీలు జరిపింది, తడిగుడ్డ పిండింది. గోడ మీద రెండు నీడలున్నాయి. ఒకటి ఆడుతోంది. దాని పక్కనే కుర్చీలో ఇంకోటి, చెయ్యి ఎత్తి, కర్ర పడబోయే ముందు క్షణంలో. పిన్ని గుడ్డ మళ్లీ బకెట్టులో పడేసి, ఇరవై ఆరేళ్లలో మొదటిసారి పని మధ్యలో టీ తాగడానికి వెళ్లింది.

మందుల షాపుకి తీసుకెళ్దామని వచ్చిన నాన్న ఆ గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు. బయటికొచ్చి బాబాయికి ఫోన్ చేసి, "షాపుకి ఇంకెవరినైనా చూసుకోరా," అన్నాడు.

మెట్ల దగ్గర ఫ్రేములతను నిచ్చెన ఎత్తుకుంటున్నాడు.

"గొడుగు మర్చిపోయారండీ," అన్నాడు.

"మీరే ఉంచుకోండి," అని ఆ అమ్మాయి ఎర్రటి ఎండలోకి దిగింది. కాళ్ల కింద నేల మొత్తం తెల్లగా మెరుస్తోంది.