ప్రార్థనలో పెట్టిన ఉద్యోగం

పోయిన ఆగస్టు పదిహేడో తేదీ, ఆదివారం మధ్యాహ్నం, బాపట్లలో మా హాస్టల్ పిల్లలు తిన్నది టమాటా పప్పు, మజ్జిగ. తినవలసింది బిర్యానీ.

ముందు రోజు రాత్రి మా కాలేజీ కరస్పాండెంట్ రమేష్ బాబు గారి అమ్మాయి పెళ్ళి ప్రధానం రేపల్లెలో జరిగింది. ఆ విందులో మిగిలిన బిర్యానీ పెద్ద పెద్ద డేగిసాల్లో మర్నాడు వ్యానులో మా హాస్టలుకు వచ్చింది. పిల్లల కంటే ముందు వార్డెన్‌గా నేను రుచి చూడడం మా పద్ధతి. ముద్ద నోటిదాకా వెళ్ళనే లేదు. మూత తియ్యగానే పుల్లటి ఆవిరి మొహాన కొట్టింది. ముక్క పట్టుకుంటే వేళ్ళకు జిగురు సాగింది.

వంటమనిషి అచ్చమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "అన్నయ్యగారూ, ఇది కుక్కలక్కూడా పెట్టకూడదండి" అంది.

ఇద్దరం కలిసి దాన్ని పెరట్లో గోతిలో పోసి మట్టి కప్పాం. పిల్లలు ఆకలితో కేకలు పెట్టేలోపే ఆమె పప్పు దించేసింది. ఇంటర్ చదివే కుర్రాళ్ళు, బిర్యానీ పోయిందని కాసేపు సణిగారు, తిన్నారు, పడుకున్నారు. ఒక్కరికీ కడుపునొప్పి రాలేదు. రాత్రి అందరూ క్షేమంగా గురకలు పెడుతుంటే వరండాలో కూర్చుని విన్నాను.

సోమవారం మధ్యాహ్నానికి నా ఉద్యోగం పోయింది. "మా ఇంటి శుభకార్యం భోజనాన్ని గోతిలో పూడుస్తావా?" అన్నారు రమేష్ బాబు గారు ఫోనులో. అంతవరకూ ఆయన నన్ను మీరు అనేవారు.

ఉద్యోగంతోబాటు గదీ పోయింది. తెనాలిలో మా చెల్లెలి ఇంటి మేడమీద గదికి చేరాను. చెల్లెలు వేళకు కాఫీ పంపుతుంది, వద్దన్నా బట్టలు ఉతికిస్తుంది. లోటు లేదు. కాని నా భార్య స్నేహలత పోయాక నాకు నిద్ర పట్టింది ఆ హాస్టల్లోనే. ఒకడి దగ్గు, ఒకడి కలవరింత, పరీక్షల ముందు గొణుగుతూ చదివే చదువు, బాత్రూములో బకెట్ల చప్పుడు, వీటి మధ్య ఒంటరితనానికి చోటుండేది కాదు. మేడమీద గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కటే. దాన్ని వింటూ తెల్లవారేది.

నవంబరులో అచ్చమ్మ ఫోను చేసింది.

"కొత్త వార్డెన్ చెప్పాపెట్టకుండా ఎల్లిపోయాడండి. వాచ్‌మన్ బయట తాళం వేసుకుని పడుకుంటున్నాడు. లోపల పిల్లలు ఏమైనా దిక్కులేదు. మీరెళ్ళి సార్‌తో కాస్త తగ్గి మాట్లాడండి అన్నయ్యగారూ."

"ఎంత తగ్గాలి అచ్చమ్మా?"

"మీరు ఆరడుగులున్నారుగా. ఓ అడుగు తగ్గినా మా అందరికంటే ఎత్తే ఉంటారు."

నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు. రమేష్ బాబు గారికి ఫోను చేశాను. ఆయన గొంతు తేనెలా ఉంది.

"నాకేముందండీ జాన్సన్ గారూ! మీ మీద నాకు కోపమా? మా అత్తగారు, పెద్దావిడ, ఆవిడే చాలా బాధపడ్డారు. బుధవారం మా ఇంట్లో ప్రార్థన కూడిక. రండి. ఆవిడ ముందు, నలుగురి ముందు, గర్వంతో దేవుడి దీవెనను మట్టిపాలు చేశానని ఒక్కమాట ఒప్పుకోండి. గురువారం నుంచి మీ గది మీది."

"ఆ అన్నం పులిసిపోయిందండి."

"అదిగో, మళ్ళీ! పులిసిందా లేదా అన్నది కాదండి విషయం. తగ్గింపు. తగ్గింపు కావాలి మనకి."

బుధవారం సాయంత్రం తెనాలిలో రేపల్లె రైలెక్కాను. ఆ ఒక్క వాక్యాన్ని దారి పొడవునా లోలోపల చెప్పుకుంటూ కూర్చున్నాను. ఎదుటి సీటులో చేపల బుట్ట పెట్టుకున్న ఒకామె నా పెదాలు కదలడం చూసి, "ఒంట్లో బాగుందా బాబాయ్?" అని అడిగి, తన సీసాలో నీళ్ళిచ్చింది. తాగాను. వాక్యం గొంతులోనే ఉంది. చిన్న వాక్యమే. ఒక పెద్దావిడ మనసు కుదుటపడుతుంది, పిల్లలకు దిక్కు దొరుకుతుంది అని సర్దిచెప్పుకున్నాను.

రేపల్లెలో రమేష్ బాబు గారింటి హాలునిండా చాపలు పరిచారు. వందనాలు, వందనాలు అనుకుంటూ అందరూ కూర్చున్నారు. వెనక వరసలో గోడకు ఆనుకుని రమేష్ బాబు గారి అత్తగారు హైమావతమ్మ. వంటింట్లోంచి బిర్యానీ వాసన వస్తోంది. ఇది ఈ రోజు వండినదే, మంచి వాసనే. అయినా నా వేళ్ళకు ఆ జిగురు గుర్తొచ్చి, చేతిని పంచెకు తుడుచుకున్నాను.

పాటలయ్యాయి. రమేష్ బాబు గారు లేచి నా దగ్గరకొచ్చి నా నెత్తిన చెయ్యి పెట్టారు. అరచెయ్యి తడిగా ఉంది. అత్తరు వాసన. అందరూ కళ్ళు మూసుకున్నారు.

"ప్రభువా! ఈ సాయంత్రం నీ సన్నిధిలో ఒక సహోదరుడున్నాడు. చదువుకున్నవాడు తండ్రీ! ఆ చదువు అతనికి గర్వం నేర్పింది. అన్నంపెట్టిన చేతిని అవమానించాడు. రోడ్డున పడ్డాడు. భార్యను పోగొట్టుకుని కూడా అతని హృదయం మెత్తబడలేదు ప్రభువా..."

"ఆమెన్" అన్నారు జనం.

స్నేహలత పేరు ఎత్తలేదు, ఆ మాత్రం దయ చూపించారు. ఎదుటివాడి మొహాన అనలేని మాటలన్నీ దేవుడికి చెప్పుకుంటున్నట్టు అతని నెత్తిన గుమ్మరించడం నేను చిన్నప్పటినుంచి చూస్తున్నదే. ప్రార్థన మధ్యలో అడ్డు తగలకూడదు కనక తిట్లు తినేవాడు తల వంచుకునే ఉండాలి. ఇలాంటి ప్రార్థన మొదలైతే స్నేహలత టక్కున కళ్ళు తెరిచేది. ఇంటికొచ్చాక నేను కోప్పడితే, "తిట్టేవాడి మొహం చూడొద్దా మరి?" అనేది. నేనూ కళ్ళు తెరిచాను. రమేష్ బాబు గారి పెదాల చివర తెల్లగా నురగ పేరుకుంది. మొహం పక్కకు తిప్పుకున్నాను, ఆ రోజు డేగిసా మూత తీసినప్పటికంటే తొందరగా.

"ఇప్పుడు సహోదరుడే ప్రార్థనలో ఒప్పుకుంటాడు" అని ఆయన చెయ్యి తీశారు.

లేచి కళ్ళు మూసుకున్నాను. రైల్లో వల్లించిన వాక్యం మొదలుపెట్టాను.

"ప్రభువా, ఆగస్టులో ఒక ఆదివారం నేను గర్వంతో..."

తర్వాతి మాట రాలేదు. ఎంత లాగినా రాలేదు. అందరూ ఎదురుచూస్తున్నారు. ఎవరో దగ్గారు. నోట్లోంచి వేరే మాటలు వచ్చాయి.

"ఆ ఆదివారం అచ్చమ్మ అంత తొందరగా పప్పు వండినందుకు నీకు వందనాలు తండ్రీ."

"ఆమెన్" అన్నారు ఇద్దరు ముగ్గురు, అలవాటుకొద్దీ.

"పులిసిన అన్నం వాసన తెలిసే ముక్కు నాకిచ్చినందుకు వందనాలు. ఆ రాత్రి పిల్లల్లో ఒక్కరూ జబ్బు పడనందుకు వందనాలు."

"స్తోత్రం!" అని వెనక వరసలోంచి ఒక ముసలి గొంతు గట్టిగా పలికింది. ఇంకెవరూ పలకలేదు. చాప మీద ఎవరో కదిలిన చప్పుడు. నేను ఆమెన్ చెప్పి కూర్చున్నాను.

కూర్చోగానే నామీద నాకే రోత పుట్టింది. ఆయన చేసిందే నేనూ చేశాను. దేవుణ్ణి మధ్యన నిలబెట్టి నా మాటలు రమేష్ బాబు గారి మొహాన విసిరాను. కళ్ళు తెరిచి, రమేష్ బాబు గారూ, అది పాచిపోయిన తిండండీ అని మామూలుగా చెప్పి ఉంటే ఎంత శుభ్రంగా ఉండేది! స్నేహలత ఉంటే నా ప్రార్థనప్పుడు కూడా కళ్ళు తెరిచేదే.

విస్తళ్ళు వేస్తుండగా రమేష్ బాబు గారు నన్ను వరండాలోకి పిలిచారు. మొహంలో నవ్వు చెక్కుచెదరలేదు.

"మీ విషయం ప్రార్థనలో పెడదాం జాన్సన్ గారూ."

మావాళ్ళలో ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. పిల్లనివ్వం అన్నా, అప్పివ్వం అన్నా, ఉద్యోగం లేదు అన్నా ఇలాగే అంటారు.

"నన్ను తీసుకోకపోతే పోనివ్వండి. ఈ రాత్రి పిల్లల దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదండీ" అన్నాను.

"దేవుడున్నాడు" అని ఆయన లోపలికి వెళ్ళారు, బిర్యానీ చల్లారిపోతోందని.

ఇంటి పక్క సందులోంచి వెళ్ళిపోతుంటే వెనక గుమ్మంలో హైమావతమ్మ నిలబడి ఉంది.

"ఏం బాబూ, తినకుండా పోతున్నావేంటి?"

"కడుపు నిండిందండి."

"దేంతో? మా అల్లుడి ప్రార్థనతోనా?"

వచ్చిన పనిలో సగమైనా చేద్దామని, "మిమ్మల్ని బాధపెట్టానంట అమ్మగారూ. క్షమించండి" అన్నాను.

"నన్నా? ఎప్పుడు?"

"ఆ బిర్యానీ పారబోసినప్పుడు. మీరు చాలా నొచ్చుకున్నారని..."

ఆవిడ గుమ్మం దాటి ఒక అడుగు ముందుకేసింది.

"ఆ ఆదివారం పొద్దున నాకూ అదే పెట్టారు నాయనా. రెండు రోజులు మంచం దిగలేదు. పిల్లలు తినలేదని తెలిసి నేనే స్తోత్రం చెప్పుకున్నాను. నా పేరు వాడుకున్నాడా?"

చీకట్లో ఎక్కడో ఉమ్మాలనిపించింది. ఆ ఇంటి గోడను కూడా తాకకుండా దూరంగా జరిగాను.

"ఆ మాట లోపల నలుగురిలో చెప్పగలరా అమ్మగారూ? పిల్లల కోసం."

ఆవిడ కిందికి, తన కాళ్ళకేసి చూసుకుంది. "నా మంచం ఈ ఇంట్లోనే ఉంది బాబూ."

కోపం రాలేదు. మంచం ఉన్న ఇంటి విలువ నాకు తెలుసు. ఆవిడ లోపలికి వెళ్ళి ఒక కవరు తెచ్చి నా చేతిలో పెట్టింది. రెండు అరటిపళ్ళు, మడత పెట్టిన ఇడ్లీ పొట్లం.

"దారిలో తిను. ఇప్పుడే పోసిన ఇడ్లీలు. నాకోసం విడిగా పోసుకున్నా" అని చెప్పి, గొంతు తగ్గించి, "వాసన చూసుకునే తిను" అంది.

"అత్తయ్యా! వెనక తలుపేశారా?" లోపలినుంచి రమేష్ బాబు గారి కేక.

"ఆ, వేస్తున్నా."

ఆవిడ నా వంక చూసి తలూపింది. తలుపు దగ్గరికి లాగి, గడియ చప్పుడు కాకుండా ఒక చేత్తో పట్టుకుని, మెల్లగా పెట్టుకుంది.