పడుగు పట్టిన చేతులు

మా సాలెవాడలో బతికున్న మనిషిని చంపడం చాలా తేలిక. ఒక కాగితం, ఆరు వేలిముద్రలు చాలు. నా మొగుడు బిక్షాన్ని అట్లాగే చంపారు.

పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు పానగల్ దగ్గరి మా ఊళ్లో మిలిట్రీ క్యాంపు పడింది. బిక్షం అప్పటికే కమ్యూనిస్టుల సంఘంలో చేరి అడవి పట్టాడు. అతని మూలాన వాడంతా తన్నులు తినాల్సొస్తుందని కులపెద్ద రామచంద్రయ్యకు భయం పట్టుకుంది. "గాడు గుట్టలల్ల చచ్చిండు దొరా" అని క్యాంపులో రాసిచ్చాడు. తనది కాక మరో అయిదుగురి వేలిముద్రలు వేయించాడు. రాసింది నిజమనిపించాలి కదా! నా బొట్టు చెరిపారు, గాజులు పగలగొట్టారు, దినం పెట్టారు. బతికున్నవాడి దినం కూడు తిని, పప్పులో ఉప్పు తక్కువైందని వంక కూడా పెట్టారు. సిగ్గనేది మా పెద్దమనుషుల వాకిట్లోకి ఎన్నడూ వచ్చినట్టు లేదు.

ఆ తర్వాత బిక్షం ఒకసారి వచ్చి నాలుగు రోజులు అటక మీద దాక్కున్నాడు. మా వాడలో దగ్గితే పదిళ్లకు వినిపిస్తుంది. ఎవరికీ తెలియదంటే నేను నమ్మను.

నాకు కొడుకు పుట్టాడు. "ముండమోసినదానికి పిల్లగాడెట్ల పుట్టిండు?" అని వాడంతా బుగ్గలు నొక్కుకుంది. తాము రాసిచ్చిన అబద్ధాన్ని తామే నమ్మిన మహానుభావులు!

నా పడుగు ఎవరూ పట్టొద్దని కులకట్టు పెట్టారు. పడుగు దారాలను వీధి పొడవునా చాచి, గంజి పట్టించి, ఆరేదాకా కుంచెతో దువ్వాలి. ఆరుగురు లేనిదే అది కాదు. పడుగు లేక మగ్గం ఆగింది. మగ్గం ఆగితే అంబలి లేదు, అంబలి లేక నా పాలు ఎండిపోయాయి. పిల్లవాడికి ఏడ్చే ఓపిక కూడా పోయింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

వాణ్ని చంకనేసుకుని కులం కూర్చున్న చోటికి పోయాను.

"గా పోరని తండ్రెవ్వడో చెప్పు ఆండాళూ. పడుగు సంగతి తర్వాత సూద్దాం" అన్నాడు రామచంద్రయ్య.

"గిక్కడెందుకు పెదనాయినా, క్యాంపులనే చెప్త. నా మొగడు బతికే ఉన్నడు, గీడు ఆయన కొడుకే అంట. చచ్చిండని రాసిచ్చినోళ్లను దొరలే పిలిచి అడుగుతరు."

ప్రాణం పోయినా నేను క్యాంపు గడప తొక్కను. కానీ తమలాగే నేనూ ఎవరినైనా అప్పగిస్తాననుకున్నారు.

మర్నాడు పొద్దున్నే వేలిముద్రలేసిన ఆరుగురూ వచ్చారు. రామచంద్రయ్య పడుగు కొస పట్టుకున్నాడు. గంజి పట్టించాక తేనె పూసిన గొంతుతో అడిగాడు.

"పిల్లగానికి పేరు పెట్టినవా బిడ్డా?"

"పెట్టిన. చచ్చినోని కొడుకంటే నాకు రంకు గడ్తరు. బతికున్నోని కొడుకంటే మీకు తన్నులు పడ్తయి. అందుకే ఇద్దరికీ మంచిదని మీ పేరే పెట్టిన, రామచంద్రం అని. ఎవ్వరేమనుకుంటే గదే అనుకోనీ."

కుంచెలు ఆగాయి. అయిదుగురూ ఆయన ముఖంలోకి చూశారు. ఎదురింటి గడపలో నిలబడ్డ ఆయన భార్య గోవిందమ్మ కూడా చూసింది. ఆయన ఇంటివైపు అడుగు వేయబోయాడు. కానీ పడుగు తడిగా ఉంది. కొస వదిలితే దారాలన్నీ అంటుకుపోతాయి, సాలెవాడు ఆ పని చేయడు.

నేను కుంచె అందుకుని నిదానంగా, చాలా నిదానంగా దువ్వాను.