హలాల్ అనేశాక అడిగిన ప్రశ్న

“కొండ మీద ఆగిపోతే ఎవరొస్తారే నీకు? ఏనుగులొస్తాయి,” అన్నాను. మా అమ్మాయి ఇజ్జతి అప్పటికి ఆ కారు ముఖం కూడా చూడలేదు.

అది పళ్లెంలోంచి తలెత్తకుండా, “ఏనుగులకి నాతో ఏం పనమ్మా? వాటికి లైసెన్సు లేదుగా,” అంది.

వాళ్ల నాన్న పకపకా నవ్వాడు. ఆయనకి కూతురు ఏమన్నా నవ్వే.

నవ్వేవాళ్లకేం. ఇజ్జతి జెలీలో టీచరు. మా లెంగాంగ్ నుంచి జెలీ వెళ్లాలంటే గెరిక్ దాటాలి, బండింగ్ వంతెన దాటాలి, ఆ పైన కొండదారి మొత్తం ఎక్కి దిగాలి. వంతెన దాటాక ఫోను మూగబోతుంది. మంచు దిగిందంటే ముందు పోయే లారీ ఎర్రదీపాలు తప్ప ఏమీ కనపడవు. రోడ్డు నడిమధ్య ఏనుగు పేడ పొగలు కక్కుతూ ఉంటుంది. ఇన్నాళ్లూ పిల్ల బస్సులో వెళ్తుంటే డ్రైవరు కునుకు తీస్తాడేమోనని వణికాను. కారు కొనుక్కుంటానంటే, పోనీలే ఆ భయమన్నా తీరుతుంది అనుకున్నాను. తీరా ఫోనులో బొమ్మ చూపిస్తే పొట్టిగా, ఎర్రగా, వెనక ఒక రెక్కతో, పొట్ట నేలకి ఆనేటట్టు ఉంది.

“ఇది కారా, పందెం పుంజా?” అన్నాను.

“టర్బో అమ్మా. చూడ్డానికి చిన్నదే గానీ కొండ ఎక్కేటప్పుడు లారీని ఒక్క ఊపులో దాటేస్తుంది. లారీ వెనకాల పొగ మింగుతూ పాక్కుంటూ పోవడం కన్నా అదే క్షేమం.”

“అంత క్షేమమైన బండిని వాడెందుకు అమ్ముకుంటున్నాడు?”

“అదీ అడగాల్సిన మాట,” అన్నాడు మా ఆయన దెరుస్. “పాత వేగం బండీ, రెండో పెళ్లికొచ్చిన మగాడూ ఒకటే. మొదటావిడ ఎందుకు పోయిందో కనుక్కోవాలి.”

“కనుక్కుంటాను. నేనూ వస్తున్నా.”

“నువ్వొస్తే వాడు కారు కాదు, ఇల్లు కూడా వదిలేసి పారిపోతాడు,” అంది ఇజ్జతి. కానీ రావద్దని మాత్రం అనలేదు.

ఇద్దరం బస్సెక్కి గెరిక్ వెళ్లాం. అమ్మేవాడి పేరు ఫద్లి. ముప్ఫై ఏళ్లుంటాయేమో, సన్నగా ఉన్నాడు. రంపం మిల్లులో పని. మమ్మల్ని చూడగానే కుర్చీలు తుడిచి వేశాడు. పెళ్లాం లోపలినుంచి తీపి టీ పంపింది. మొన్ననే పాప పుట్టిందట. పసిపిల్లని వేసుకుని అంత కిందికి వంగి కారెక్కలేకపోతున్నామని, అందుకే అమ్ముతున్నామని చెప్పాడు. నన్ను మక్‌చిక్ అని, పిన్నిని పిలిచినట్టు పిలిచాడు. మర్యాదస్తుడిలాగే కనిపించాడు. మర్యాదస్తుల్ని చూస్తే నాకు ఇంకా భయం.

“దీంతో పందేలు ఆడావా నాయనా?” అన్నాను.

“లేదు మక్‌చిక్.”

“ఎక్కడన్నా గుద్దావా?”

“లేదు మక్‌చిక్.”

“ఇంజను విప్పారా ఎప్పుడన్నా?”

“పాత బండి కదా మక్‌చిక్, ఎప్పుడో ఒకప్పుడు విప్పకుండా ఉంటుందా?”

“విప్పింది నువ్వా, నీ ముందువాడా?”

“అమ్మా, ఇది పోలీసు స్టేషను కాదు,” అంది ఇజ్జతి పళ్లబిగువున.

అది కారు తీసుకుని ఊరి చివరదాకా నడిపింది. నేను వెనక సీట్లో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాను. అది కాలు నొక్కినప్పుడల్లా నా వీపు సీటుకి అతుక్కుపోయింది, నోట్లో దువాలు అడ్డం తిరిగిపోయాయి. అద్దంలో దాని ముఖం కనిపిస్తూనే ఉంది. ఉద్యోగంలో చేరినప్పటినుంచి అలసిపోయిన ముఖమే చూస్తున్నాను. ఆవేళ మాత్రం చిన్నప్పుడు వానలో తడిసొచ్చినప్పటి ముఖం అది. ఆ ముఖం చూశాక ఒక్క క్షణం, కొనుక్కోనీలే అనిపించింది. ఒక్క క్షణమే.

తిరిగొచ్చాక బేరం కుదిరింది. ఇక అమ్మకం మాటలు మిగిలాయి. మా వాళ్లలో కాయితాలు ఎన్ని రాసుకున్నా నోటిమాటే అసలు. అమ్మేవాడు “అమ్మాను” అనాలి, కొనేవాళ్లు “కొన్నాను” అనాలి. సరుకులో తెలిసిన లోపం ఉంటే ఆ మాటకి ముందే చెప్పెయ్యాలి. దాచిపెట్టి తీసుకున్న డబ్బు ఇంట్లో నిలవదు. నేను సంతలో ఉప్పుచేప అమ్ముతాను. వేయించిన బియ్యప్పొడి కలిపి జాడీల్లో ఊరేస్తాం మేము. ఒక జాడీలో ఉప్పు ఎక్కువైతే ఎక్కువైందనే చెప్పి అమ్ముతాను.

అందుకే అడిగాను. ఇంకాస్త నెమ్మదిగా అడిగి ఉండాల్సింది. “నాయనా, తెలిసిన లోపం ఉంటే ఇప్పుడే చెప్పెయ్. దాచిపెట్టిన డబ్బుతో పాలు కొని ఆ పసిదానికి పట్టిస్తావా?”

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. వాడి పెళ్లాం విందన్నమాట. ఇజ్జతి ముఖం కందగడ్డ అయిపోయింది. ఫద్లి నేల చూపులు చూశాడు. తర్వాత తలెత్తి, నావైపే చూస్తూ నోరు తెరిచాడు.

“నిజం చెప్పాలంటే మక్‌చిక్...”

“అన్నా, మా అమ్మ మాటలు పట్టించుకోకండి,” అని ఇజ్జతి అడ్డుపడింది. “ఆవిడకి కొబ్బరికాయని చూసినా భయమే, నెత్తిమీద పడుతుందని. బండిని ఉన్నదున్నట్టు కొంటున్నాను. తెలిసిన లోపమైనా, తెలియని లోపమైనా అన్నీ మాఫీ, హలాల్ చేసేశాను. కొన్నాను.”

ఫద్లి నోరు తెరుచుకునే ఉంది. ఇజ్జతి వైపు చూశాడు. నా వైపు చూశాడు. గుమ్మం తెర వైపు చూశాడు.

“అమ్మాను టీచర్,” అన్నాడు.

అయిపోయింది. కొనేవాళ్లే ముందుగా క్షమించేశాక అమ్మేవాడు ఇంకేం చెప్తాడు? తాళం మేమే వేసి, తాళంచెవి వాడి చేతికిచ్చినట్టయింది. ఇంటికొచ్చేటప్పుడు ఆ మాటే అంటే, “నువ్వు ఆ మనిషి పరువు తీశావు, నేను నిలబెట్టాను,” అంది ఇజ్జతి. ఆ పైన ఇల్లు చేరేదాకా మూతి ముడుచుకునే నడిపింది. కారు మాత్రం పట్టుమీద జారినట్టు వచ్చింది. అదే నాకు నచ్చలేదు.

సెలవులైపోయాయి. శనివారం మధ్యాహ్నం నమాజు చేసుకుని ఇజ్జతి జెలీ బయల్దేరింది. కారు చుట్టూ ప్రదక్షిణం చేస్తూ నేను దువా ఊదుతుంటే, “టైర్లలో కూడా ఊదమ్మా, గాలి తక్కువైంది,” అని నవ్వింది. నాకు ముద్దిచ్చి వెళ్లింది. ఆ కోపం అక్కడితో పోయింది.

చేరగానే ఫోను చేస్తానంది. చేరాల్సిన వేళ దాటిపోయింది. నేను బియ్యం వేయిస్తున్నాను. ఫోను చేస్తే, ఈ నంబరు అందుబాటులో లేదని ఆ ఆడగొంతు చెప్పింది. మళ్లీ చేశాను, మళ్లీ అదే గొంతు. బియ్యం మాడిపోయింది.

“కారు కాదు, నీ భయానికి ఆ ఫోనే వేడెక్కి పేలేట్టుంది,” అన్నాడు దెరుస్. “దార్లో టీ తాగుతూ ఉంటుంది. వాళ్ల హెడ్‌మాస్టరు పిలిచి ఉంటాడు. ఎన్ని లేవు!”

సాయంత్రం అజాన్ వినిపించింది. ఆయన మెట్ల మీద కూర్చుని గెరిక్ రోడ్డు వైపే చూస్తున్నాడు. నన్ను వెక్కిరించడం మానేశాడు. ఆయన వెక్కిరిస్తున్నంతసేపే నాకు ధైర్యం.

బేరం మాట్లాడేటప్పుడు ఇజ్జతి ఒకసారి నా ఫోనులోంచే ఫద్లికి చేసింది. ఆ నంబరు వెతికి నొక్కాను. ఒక్కసారి మోగిందో లేదో ఎత్తాడు.

“నేను నాయనా, లెంగాంగ్ మక్‌చిక్‌ని.”

“బండి ఆగిపోయిందా?” అన్నాడు.

నేనింకా ఏమీ చెప్పనేలేదు.

గోడ పట్టుకుని కింద కూర్చున్నాను. “ఆగిపోతుందని నీకెలా తెలుసు?”

అవతల డబ్బా ఏదో నేలకి తగిలిన చప్పుడైంది.

“ఫద్లీ, నేను తిట్టడానికి చెయ్యలేదు. ఆవేళ నువ్వు నోరు తెరిచావు, నేను చూశాను. మా పిల్ల నీ నోరు మూసేసింది. హలాల్ అంది అది, నేను కాదు. దానితో ఆ లెక్క మీరిద్దరూ తర్వాత చూసుకోండి. ఇప్పుడది కొండ మీద ఉంది, ఫోను అందట్లేదు. ఏం చెప్పబోయావు?”

ఫోను పెట్టేశాడేమో అనుకున్నాను. పెట్టెయ్యలేదు, ఊపిరి వినిపిస్తోంది. దెరుస్ వచ్చి నా పక్కన చతికిలబడి చెవి దగ్గరగా పెట్టాడు. అవతల ఎక్కడో పసిపాప గుక్కపట్టి ఏడ్చి, ఊరుకుంది. ఆడగొంతు ఒకటి నెమ్మదిగా ఏదో అంది. నేను ఇంకేమీ అడగలేదు. నా జన్మలో నోరు మూసుకుని అంతసేపు ఎన్నడూ కూర్చోలేదు.

“వేడి చూపించే ముల్లు అబద్ధం మక్‌చిక్,” అన్నాడు చివరికి. వాడి గొంతు వాడిది కానట్టుంది. “ఎప్పుడూ మధ్యలోనే నిలబడేట్టు తీగ కలిపించాను. ఇంజనులో నీళ్లు ఎక్కడో కారిపోతాయి, ఎక్కడో ఎవరికీ దొరకలేదు. ఊళ్లో తిరిగితే ఏమీ కాదు. వంతెన దాటాక కొండ ఎక్కేటప్పుడు తాళదు. నేనైతే సగంలో ఆపి, చల్లారాక నీళ్లు పోసుకునేవాణ్ని. తనకది తెలీదు. తెలీక వేడిమీద నీళ్ల మూత తీస్తే ముఖం మీదికి చిమ్ముతుంది. చెప్పేవాణ్నే మక్‌చిక్. హలాల్ అంది, నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక్కణ్నించి కొండ నాకే దగ్గర. రేపు బడి తెరుస్తారని తెలుసు, మనసాగక మిల్లు లారీ అడిగి తెచ్చాను, నీళ్ల డబ్బాలు ఎక్కిస్తున్నాను. వంతెన దాకా ఫోను పెట్టెయ్యకండి.”