ముందు ఎవరికి చెప్పింది

త్రివేణి మేడం అంటే నాకు కుళ్ళు. ఇందులో దాచుకునేదేమీ లేదు. ఆమె నా ఆస్తి గుంజుకోలేదు, నా మొగుణ్ణి ఎగరేసుకుపోలేదు. నా మొగుడు నారాయణ మస్కట్‌లో క్షేమంగానే ఉన్నాడు, పొద్దున లేవగానే పూల బొమ్మతో గుడ్ మార్నింగ్ పంపుతాడు. ఆమె చేసింది ఒక్కటే. నా కడుపున పుట్టిన పిల్ల నాకు చెప్పని మాటలన్నీ కూర్చుని వింటుంది.

ప్రతి గురువారం సాయంత్రం మా భూమిక గదిలోకి పోయి తలుపు వేసుకుంటుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఎదురుగా ఫోన్‌లో త్రివేణి మేడం. నేను వంటింట్లో ఉల్లిగడ్డ కోస్తున్నట్టు కూర్చుని చెవి అటు పారేస్తాను. మాటలు తెలియవు గానీ గొంతు తెలుస్తుంది. కాసేపు ఏడుస్తుంది. కాసేపటికి పకపకా నవ్వుతుంది. ఏడుపంటే సరే, ఎవరి ముందైనా వస్తుంది. ఆ నవ్వు కూడా ఆమెకే ఇవ్వాలా అని నాకు కడుపు మండేది. మా ఇంట్లో ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో!

బయటికి వచ్చాక ఏం మాట్లాడారని అడుగుతాను. ఏం లే అంటుంది. ఒక సీరియల్ మొత్తం అయిపోయేంతసేపు మాట్లాడింది ఏమీ లేకనేనా? అంత ఏమీ లేనిది నాకు కూడా కొంచెం చెప్పొచ్చు కదా!

అసలు ఇది మొదలైనప్పుడు నేనే ఊరంతా చాటింపు వేశాను. కిందటేడు మక్కల పని, అంటే మొక్కజొన్న పని, అయిపోయిన రోజుల్లో భూమిక వచ్చి, రేపు కౌన్సెలింగ్‌కు పోతున్నానని చెప్పింది. కౌన్సెలింగ్ అంటే మా ఆర్మూర్‌లో ఎవరిని అడిగినా ఒకటే చెబుతారు, సీటు. డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్న పిల్లకు ఇప్పుడు కొత్తగా ఏ సీటని నేను ఆలోచించనేలేదు. మంచిదేదో వస్తోందనుకున్నాను. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, అన్నింటికీ మూడేసి జిరాక్సులు, ఫోటోలు ఫైలులో పెట్టి సిద్ధం చేశాను. పక్కింటి శాంతవ్వకు చెప్పాను. మస్కట్‌కు ఫోన్ చేసి చెప్పాను. మా అత్త పోచవ్వ దేవుడి దగ్గర కొబ్బరికాయ కూడా కొట్టింది.

పొద్దున ఫైలు చేతికిస్తే భూమిక దాన్ని చూసి నా ముఖం చూసింది.

"సర్టిఫికెట్లు వద్దమ్మా. గిది సీటు కౌన్సెలింగ్ గాదు. మనసు మంచిగ లేకుంటే మాట్లాడుతరు, గది."

నాకు గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది. సీటు పోతే పోయింది, పిల్లకు జబ్బేమీ లేదు కదా.

"గంతేనా! ఇంకేందో అనుకున్న" అన్నాను.

భూమిక ఫైలు తీసుకుపోయి బీరువా మీద పెట్టి వెళ్ళిపోయింది. సంగతంతా తర్వాత తెలిసింది. కాలేజీ వాళ్ళు పిల్లలందరి ఫోన్లకు ప్రశ్నలు పంపారట. నిద్ర పడుతోందా, అన్నం సయిస్తోందా, దేని మీదైనా మనసు పోతోందా అని. ఇట్లాంటివి ఈమధ్యే వచ్చాయి. మా కాలంలో కాలేజీ వాళ్ళు అడిగింది ఒక్కటే, ఫీజు కట్టావా అని. భూమిక ఏం జవాబులు ఇచ్చిందో గానీ, ఆ మధ్యాహ్నమే కాలేజీలో కౌన్సెలర్‌గా ఉన్న త్రివేణి మేడం ఫోన్ చేసి పిలిపించుకుందట. మొదట్లో లైబ్రరీ పక్క గదిలో కూర్చోబెట్టి మాట్లాడేది. తర్వాత వీడియోలో.

ఆ రోజు నుంచి నాకు శాంతి లేదు. పిల్ల మనసేమో గానీ నా మనసే పాడయింది. భూమికకు ఇష్టమని నాటుకోడి వండాను. తిని, బాగుందమ్మా అని లేచి పోయింది. కొత్త డ్రెస్సు కొనిచ్చాను. వేసుకుని కాలేజీకి పోయింది, మేడం చాలా బాగుందన్నారని వచ్చి చెప్పింది. నేను కొన్న డ్రెస్సుకు కూడా ఆమె ముద్ర పడాల్సిందే!

పైగా పిల్ల బాగుపడుతోంది. అదీ నా బాధ. తెల్లారేదాకా లైటు వేసుకుని కూర్చునేది కాస్తా పడుకుంటోంది. కంచంలో అన్నం వదలడం మానేసింది. సంక్రాంతి వెళ్ళాక పసుపు పని మొదలైతే తనే చెలకకు వచ్చి కూలీలకు నీళ్ళిచ్చింది. నీ బిడ్డ జర నిమ్మళమైందని శాంతవ్వ అంటే నేను మూతి తిప్పుకున్నాను. బిడ్డ బాగుపడుతుంటే ఓర్వలేని తల్లి ఉంటుందా అంటారేమో. ఉంటుంది. బాగుచేసింది ఇంకొకతె అయితే ఉంటుంది.

పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఒకనాడు భూమిక, నిన్ను కూడా ఒకసారి తీసుకురమ్మని మేడం అడిగింది, నేను సరేనన్నాను అని చెప్పింది. ఆ సరే దగ్గరే నాకు ఒళ్ళు మండింది. నా బిడ్డ గురించి మాట్లాడడానికి నాకు పర్మిషన్లు ఇచ్చుకునే దాకా వచ్చారన్నమాట. అయినా బీరువాలోంచి గద్వాల చీర తీసి కట్టుకున్నాను. ముఖానికి పౌడరు అద్దుకున్నాను. ఆటో ఎక్కి కాలేజీ చేరేదాకా ఆమెతో ఏమేం అనాలో మనసులో కూడబలుక్కుంటూనే ఉన్నాను.

తీరా చూస్తే త్రివేణి మేడం ఇంతమ్మాయి. సన్నగా, కాటన్ చుడీదారులో, ముక్కుపుడకతో ఉంది. నా పెళ్ళినాటికి గౌను వేసుకుని తిరుగుతూ ఉండి ఉంటుంది. ధర్పల్లి పిల్లనేనట, హైదరాబాద్ పోయి ఈ చదువు చదువుకుందట. లేచి నిలబడి, కుర్చీ జరిపి, మంచినీళ్ళిచ్చింది. తిట్టడానికి సందు ఇవ్వని మనిషి మీద ఇంకా కోపం వస్తుంది.

"నా బిడ్డ మీకేం జెప్తది మేడం?" అని అడిగేశాను.

"అది భూమికనే చెప్పాలమ్మా. ఆమె మాట నేను చెప్పొద్దు" అంది.

నవ్వుతూనే అంది. నేను కన్నాను, నేను పెంచాను, నా పిల్ల మాట నాకు చెప్పొద్దట! నీళ్ళ గ్లాసు తాగకుండానే కింద పెట్టేశాను. భూమిక పక్క కుర్చీలో తల దించుకుని కూర్చుంది. మేడం నన్ను వదిలేసి దానివైపు తిరిగింది. మనసు మళ్ళీ బరువెక్కే రోజు వస్తే ఎవరికి చెప్పాలో ముందే అనుకుని పెట్టుకోవడం మంచిదని, ఇక్కడికి వచ్చే పిల్లలందరితో ఆ పని చేయిస్తానని నాకు వివరించింది. తర్వాత భూమికను అడిగింది.

"మళ్ళ గట్లాంటి దినం వస్తే ఎవరికి జెప్తవ్?"

ఎట్లాంటి దినమో నాకు తెలియదు. తెలిసినట్టే కూర్చున్నాను. సీట్ల జాబితాలో పేరు వెతుక్కునే పిల్లలా దాని నోటి వంకే చూశాను.

"మీకు జెప్త" అంది భూమిక. సరే, అది నేను అనుకున్నదే. "మా క్లాసు హారికకు జెప్త." హారికనా! మొన్నీమధ్య దోస్తీ అయిన పిల్ల. "మీరు ఎత్తకుంటే పద్నాలుగు నాలుగు పదహారుకు ఫోన్ జేస్త."

అది మనసు బాగోలేని వాళ్ళ కోసం సర్కారు పెట్టిన ఫోన్ నంబరట. పైసా ఖర్చు లేకుండా రాత్రీ పగలూ ఎప్పుడు చేసినా తెలుగులోనే మాట్లాడతారట. భూమిక అక్కడితో ఆగింది. నేను ఇంకా చూస్తూనే ఉన్నాను. మేడం కూడా నా కోసమేనేమో కొంచెంసేపు ఆగింది. మొహం తెలియని ఫోన్ నంబరుకు కూడా సీటు వచ్చింది, నాకు రాలేదు.

"మరి నేనేడ వోయిన?" అన్నాను. అనకూడదనుకున్నా ఆగలేదు.

భూమిక చున్నీ అంచు వేలికి చుట్టుకుంది.

"నీకు జెప్తె గంతేనా అంటవమ్మా."

ఆటోలో ఇంటికొస్తుంటే నాకు ఏడుపు, కోపం కలిసి వస్తున్నాయి. గంతేనా అంటే తప్పేమిటి? మా ఇంట్లో అది ధైర్యం మాట. వీసా ఆర్నెల్లు ఆగిపోయినప్పుడు మా అత్త నారాయణతో గంతేనా అంది, ఆయన లేచి అన్నం తిన్నాడు. వానకు పసుపు తడిసి రంగు పోయిన ఏడు నాతో గంతేనా అంది, నేను కళ్ళు తుడుచుకున్నాను. ఇంతేనా, ఇంతైతే మోస్తాంలే అని దాని అర్థం. ఇరవై ఏళ్ళుగా నేను దానితోనే నెట్టుకొచ్చాను. ఈ పిల్లకు అందులో ఏం వినిపించిందో! అదీ ఇంట్లో నాతో అనకుండా ఆ మేడం గదిలో, ఆమె కుర్చీలో కూర్చుని, ఆమె వింటుండగా అంది. నాకు అన్నిటికన్నా అదే మండింది.

ఉడికిన పసుపు కల్లంలో ఎండుతున్న రోజులు. మంచు కురవకముందే పరదాలు కప్పాలి. ఆ గురువారం సాయంత్రం నేను, భూమిక కూర్చుని కొమ్ములు ఒకవైపు, గుండ్రటి గడ్డలు ఒకవైపు ఏరుతున్నాం. మా అత్త ఆ చివర పరదాలు విప్పుతోంది. మేడంతో మాట్లాడే వేళ అవుతోందని నాకు తెలుసు. గుర్తు చేయలేదు. మరిచిపోతే బాగుండునని కూడా అనుకున్నాను.

"నిన్న క్లాసుల చేతులు వణికినయ్ అమ్మా" అంది భూమిక, కొమ్ముల మీంచి చూపు తీయకుండానే.

గంతేనా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. ఇరవై ఏళ్ళ అలవాటు కదా. పళ్ళు బిగబట్టి మింగాను. దాని బదులు ఏమనాలో తోచక, "అవునా" అన్నాను.

భూమిక చేతులు ఆగిపోయాయి. ఆ మాట కోసం చూసింది. రాలేదు. అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది, సార్ లేపి ప్రశ్న అడిగితే చేతులు వణికాయని, ఊపిరి ఆడనట్టయిందని, మేడం నేర్పినట్టు మెల్లగా గాలి పీల్చి వదిలితే తగ్గిందని. నేను ఊ కొడుతూ ఏరుతున్నాను. ఇంతలో ఫోన్ మోగింది. తెర మీద త్రివేణి మేడం పేరు.

"మేడం, జర ఆగి జేస్త. అమ్మతోటి మాట్లాడుతున్న" అని భూమిక ఫోన్ పక్కన పెట్టింది.

ఏం చెప్పను నా బుద్ధి! పిల్ల అంత బాధ చెప్పుకుంటుంటే నేను గెలిచానని సంబరపడ్డాను. ఆమె ఫోన్ ఆగింది, నా మాట ఆగలేదు. ఆ ఊపులో నాలుగు నెలలుగా నమిలి మింగుతున్నది కక్కేశాను.

"గిప్పుడు నాకు జెప్తున్నవ్. మొదలు గామెకే ఎందుకు జెప్పినవ్ బిడ్డా?"

భూమిక నన్ను వింతగా చూసింది.

"మొదలు నీకే జెప్పిన గదమ్మా."

ఎప్పుడని అడిగాను. మక్కలు మిషన్ పట్టించిన రోజు అంది. దుమ్ములో తలకు గుడ్డ కట్టుకుని నువ్వు సంచులు కుడుతున్నావు, నేను పక్కన వచ్చి నిలబడ్డాను, మంచిగనిపిస్తలేదమ్మా, ఎటన్న పోవాలనిపిస్తుంది అన్నాను అంది. తెల్లారి కాలేజీ నుంచి ప్రశ్నలు వచ్చాయట. ఎవరో అడిగారు కదా అని ఉన్నదున్నట్టు జవాబులు నొక్కిందట.

నాకు గుర్తొచ్చింది. మిషన్ మోతా, దుమ్మూ, పక్కన నిలబడ్డ పిల్లా, అంతా గుర్తొచ్చింది. నేనేమన్నానో కూడా. గంతేనా, సెలవులిస్తరు గదా, అమ్మమ్మ ఇంటికి వోయి నాలుగు దినాలు ఉండి రా అన్నాను. సూది దారం ఆపకుండానే అన్నాను.

"ఎటన్న పోవాలంటే, అమ్మమ్మ ఇంటికి గాదమ్మా" అంది భూమిక.

అది తిరిగొచ్చే చోటు కాదని నాకప్పుడు తట్టింది. నాలుగు నెలలు మూసిన తలుపు బయట త్రివేణి మేడం మీద కుళ్ళుకున్నాను, ముందు ఆమెకు చెప్పిందని. ముందు నాకే చెప్పింది. అందరికంటే ముందు, దుమ్ములో నా పక్కన నిలబడి, నాకే చెప్పింది. నేను అమ్మమ్మ ఇంటికి పొమ్మన్నాను. మేడం తెల్లారి మధ్యాహ్నానికల్లా ఫోన్ చేసి పిలిపించుకుంది.

చీకటి పడుతోంది. మంచు పడితే పసుపంతా తడుస్తుందని, పరదా అందుకొమ్మని మా అత్త ఆ చివరనుంచి కేకేసింది. భూమిక లేవబోయింది. నేను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను.

"ఎటు వోవాలనిపించింది బిడ్డా? జెప్పు" అన్నాను.

భూమిక చెప్పింది. మా అత్త మళ్ళీ కేకేసింది. నేను లేవలేదు.