పునీత ఎస్తేరు అధ్యాయం

శుక్రవారం పొద్దున వంటింట్లో నలుగురం చేపల పొలుసు గీకుతున్నాం. కాలువ వైపు కిటికీ తెరిచే ఉంది, అయినా నీచు వాసన పోవడం లేదు. ముందు గదిలో మా పెదనాన్న రబ్బీ ఎలియావ్ కరిల్యో మా యూదుల సంఘపెద్ద సెన్యోర్ వరేలా కోసం ఎదురు చూస్తున్నాడు.

పెదనాన్న లిస్బన్ నుంచి పారిపోయి ఆమ్‌స్టర్‌డామ్ చేరేటప్పటికి గడ్డం నెరవడం మొదలైందట. చిన్నపిల్లల పక్కన కూర్చుని హీబ్రూ అక్షరాలు దిద్దాడు. తర్వాత ఆ భాషలోనే మూడు పుస్తకాలు రాశాడు. వెనిస్ పండితులు మెచ్చుకున్నారు. ఈ నాలుగోది మాత్రం మేం ఇంట్లో మాట్లాడుకునే పోర్చుగీసులో, ఆడవాళ్ల కోసం. చూపు మందగించింది కాబట్టి ఆయన చెబుతుంటే నేను రాశాను. ఇదే ఆఖరిదని ఆయనకు తెలుసు. సంఘం ఒప్పుకోకపోతే ఊళ్లో ఏ అచ్చుయంత్రమూ దాన్ని ముట్టుకోదు.

చిక్కంతా ఏడో అధ్యాయంతోనే. పోర్చుగల్‌లో మావాళ్లు ప్రాణభయంతో క్రైస్తవుల్లా నటిస్తూ బతికిన రోజుల్లో పుస్తకాల్లేవు, చెప్పేవాళ్లూ లేరు. తన జాతి ఏదో దాచుకుని బతికిన ఎస్తేరు రాణి కథ ఒక్కటి ఆడవాళ్లకు గుర్తుంది. చర్చిలో పునీతులకు మొక్కడం చూసిన అలవాటు కొద్దీ ఆమెను పునీత ఎస్తేరు అని పిలిచి, మోకరిల్లి మొక్కేవారు. మా మతంలో పునీతులు ఉండరు, ఇక్కడ మేం నిలబడే ప్రార్థిస్తాం. కొత్తగా వచ్చిన ముసలమ్మ ఎవరైనా అలవాటున మోకాళ్ల మీదికి వంగితే ఆడపిల్లలు కిసుక్కుమంటారు. ఆ ముసలమ్మల ప్రార్థనలన్నీ దేవుడికి చేరాయని పెదనాన్న రాశాడు.

వరేలా వచ్చి కూర్చున్న చప్పుడైంది.

"పుస్తకం బాగుందండీ రబ్బీగారూ. ఆ ఏడో అధ్యాయం తీసేయండి, ఇప్పుడే సంతకం పెడతాను."

"చదివారా?"

"చదివినవాళ్లు చెప్పారు. వెనిస్‌లో వింటే మన పరువేం కావాలి?"

"అయితే ఒకసారి పైకి చదవండి సెన్యోర్. చదివాక కూడా తీసేయమంటే తీసేస్తాను."

నా చేతిలో కత్తి ఆగిపోయింది. పెదనాన్న అన్న మాట తప్పడు.

నా పక్కన కూర్చున్న దోనా ఫెలిపా, ఆ వరేలా తల్లే, గొంతు తగ్గించి అంది. "మావాడు నేను చేపల బజారులో ఉన్నాననుకుంటున్నాడు. మీతో కలిస్తే మళ్లీ పాత అలవాట్లు పట్టుకుంటానట."

అవతల చదువు మొదలైంది. "'తలుపులు మూసుకుని, మోకరిల్లి, పునీత ఎస్తేరూ, మావాళ్లను కాపాడు అని అడిగారు. ఎలా అడగాలో వాళ్లకు తెలియదు. వినేవాడికి ఆ సంగతి తెలుసు.'" ఆ తర్వాతి ముక్క దాటేసి గొంతు మరో పేరాలోకి పోయింది.

ఫెలిపా కత్తి కింద పెట్టి, పొలుసు చేతులతోనే ముందు గదిలోకి నడిచింది. నేనూ వెనకే వెళ్లాను.

"ఒరేయ్ రెఫాయెల్, మధ్యలో ఒక ముక్క మింగేశావు."

"అమ్మా, నువ్విక్కడేం చేస్తున్నావు?"

"చేపలు గీకుతున్నా. చదువు."

అతను పేజీ తిప్పబోయాడు. ఆమే చెప్పింది, కాగితం వైపు చూడకుండా. "'ఒక తల్లి తన కొడుకును పక్కన మోకరిల్లబెట్టుకుని ఆ ప్రార్థన నేర్పింది. ఆ కొడుకు ఇవాళ మన ముందు వరసలో నిలబడి ప్రార్థిస్తున్నాడు.' నీ పేరు రాయొద్దని రబ్బీగారికి నేనే చెప్పాను. నీకు కోపమొస్తుందని."

"జనం నవ్వుతారమ్మా."

"నన్ను చూసి రోజూ నవ్వుతూనే ఉన్నారుగా. చచ్చానా?"

పెదనాన్న సిరాబుడ్డిని తడుముకుంటూ ముందుకు జరిపాడు. "చెప్పండి సెన్యోర్. తీసేయమంటారా?"

వరేలా కలం తీసుకుని అనుమతి పత్రం రాసి సంతకం చేశాడు. పెదనాన్నకు కనిపించదని చదివి వినిపించాడు. చివరి మాట, "ఏ అధ్యాయమూ తీసేయకుండా."

"ఆ ముక్క మళ్లీ చదవండి," అన్నాడు పెదనాన్న.

వరేలా మళ్లీ చదివాడు, ఈసారి గట్టిగా. వంటింట్లోంచి మిగతా ఇద్దరూ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. పెదనాన్న గడ్డం ఊగేలా నవ్వాడు. ఆయన అలా నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో.

ఫెలిపా చేతులు నడుముకు కట్టుకున్న గుడ్డకు తుడుచుకుంది. సిరా ఇంకా ఆరని ఆ అనుమతి కాగితాన్ని రెండు అరచేతుల మీద పరుచుకుని, గుమ్మం దాటి అచ్చుశాల వీధి వైపు నడిచింది.