మూడో కుంటకు ఒక్క పూట

కొబ్బరి చిప్పతో తూము బండ మీద రెండు దెబ్బలు కొట్టాడు పోశెట్టి. నాలుగో కుంటలో నీళ్ళు కదిలాయి. ఎక్కడెక్కడి రవ్వ చేపపిల్లలో బిలబిలమంటూ ఒడ్డుకు వచ్చి నోళ్ళు తెరిచాయి. తవుడూ పల్లిచెక్కా తడిపి చేసిన ముద్దను గుప్పెట్లో నలుపుతూ, గట్టు వెంట నడుస్తూ, చిటికెడు చిటికెడు చల్లాడు. వేసింది తినేదాకా ఆగి మళ్ళీ వేస్తాడు. అడుగుకు పోయి కుళ్ళేలా ఒక్క పలుకూ వేయడు.

మోకాళ్ళ దాకా ఎగగట్టిన పంచె, భుజాన తువ్వాల, ఎముకలు లెక్కపెట్టుకోదగ్గ ఒళ్ళు. నానీ నానీ పాదాలు తెల్లగా పగిలాయి. సోన్ దగ్గర గోదావరిలో ముప్పయ్యేళ్ళు వల లాగిన చేతులు, తాడు కోసిన గీతలు ఇంకా పోలేదు. ఛాతీలో నొప్పి మొదలయ్యాక గోదావరిని వదిలి ఈ సర్కారు కుంటల దగ్గరికి వచ్చాడు. నిర్మల్‌కు అయిదు మైళ్ళ దూరంలో, కాలువ పక్కన ఆరు కుంటలు. రాత్రి కావలికి జబ్బార్, పగలు మేతకు పోశెట్టి.

"పోశెట్టన్నా, గియ్యాల తూకం గదా. పరేషాన్ ఐతున్నవా?" పొద్దెక్కినా ఇంటికి పోకుండా నిలబడ్డాడు జబ్బార్.

"నాకేం ఫికర్ భాయ్? నాలుగోదే బరువుంటది. నీళ్ళు జూస్తెనే తెలుస్తలేదా?"

"మంచిదే. గని నువ్వు జర కడుపుకు తిను. గాలొస్తె ఎగిరిపోయెటట్టున్నవ్."

పోశెట్టి నవ్వాడు. నవ్వు సగంలోనే ఆయాసమైంది.

శ్రావణంలో కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, ముప్పయ్యేళ్ళుంటాయి. చెడ్డవాడేం కాదు పాపం, చదివింది చేసి చూడాలన్న ఉబలాటం. "రోజుకు మూడుసార్లు మేత ఎందుకు పోశెట్టీ? ఒక్కసారి వేస్తే పెరగవా?" అని అడిగాడు. పెరగవన్నాడు పోశెట్టి. అయితే చూద్దామన్నాడాయన. మూడో కుంటలోనూ నాలుగో కుంటలోనూ ఒకే ఈడు పిల్లల్ని సమానంగా వదిలారు. మేత బరువూ ఒకటే. మూడోదానికి పొద్దున ఎనిమిదింటికి మొత్తం ఒకేసారి. నాలుగోదానికి పోశెట్టి పద్ధతిలో మూడు పూటలు. కార్తీకంలో తూచాలి. ఒక్క పూట చాలని తేలితే పొద్దున ఇంటికి పోయేముందు జబ్బారే మేత వేస్తాడు, పోశెట్టి అవసరం ఉండదు. ఆ మాట ఇన్‌స్పెక్టరు నేల చూపులు చూస్తూ చెప్పాడు.

ఇవాళ ఆ ఇన్‌స్పెక్టరే పది గంటలకు సైకిల్ మీద వచ్చాడు. వల లాగారు. ఒక్కో కుంట నుంచి నూరేసి పిల్లల్ని తడిగుడ్డ పరిచిన గంపల్లోకి ఎత్తారు. వేపకొమ్మకు పెద్ద తక్కెడ కట్టి, ఒక పళ్ళెంలో మూడో కుంట గంప, ఇంకో పళ్ళెంలో నాలుగో కుంట గంప పెట్టారు. జబ్బార్ చెయ్యి వదిలాడు. దండె కాసేపు ఊగింది. తర్వాత ఎటూ ఒరగకుండా నిలిచిపోయింది.

గంపలు అటుదిటు, ఇటుదటు మార్చారు. అప్పుడూ అంతే.

"సమానం! చూశావా పోశెట్టీ, వెంట్రుకవాసి తేడా లేదు!" ఇన్‌స్పెక్టరు మొహం వెలిగిపోయింది. చేపల్ని నీళ్ళలోకి వదలమని చెప్పి, చెట్టు కింద కూర్చుని పుస్తకం తీశాడు. "ఒక్క పూట చాలని రాస్తాను. మన కుంటలే కాదు, జిల్లా అంతటా ఇదే పద్ధతి పెట్టించవచ్చు."

పోశెట్టి అట్లెట్లయింది, అట్లెట్లయింది అనుకుంటూ మూడో కుంట వైపు చూశాడు. అప్పుడు తట్టింది. ఓరి దేవుడా, నా చేత్తో నేనే కదా చేసుకున్నాను అనుకున్నాడు.

నాలుగో కుంటకు మధ్యాహ్నం మేత వేయాలంటే మూడో కుంట గట్టు మీంచే నడవాలి. ఆయన అడుగుల చప్పుడు వింటే చాలు, మూడో కుంట పిల్లలు ఒడ్డుకు వచ్చి నోళ్ళు తెరిచేవి. మొదటి రెండు రోజులు మొహం తిప్పుకుని పోయాడు. మూడోనాడు తన సద్దిడబ్బా మూత తీసి, జొన్న గట్కలో సగం నీళ్ళలో వేశాడు. అప్పటినుంచి అదే అలవాటైంది. సాయంత్రం పుట్ట తవ్వి చెదలు తెచ్చి దులిపేవాడు. సర్కారు తవుడు పిడికెడు కూడా ముట్టలేదు కాబట్టి అది మేత అన్న ఊహే ఆయనకు రాలేదు. తన నోటి దగ్గరిది తను పెడుతున్నాడు, దానికీ తూకానికీ ఏం సంబంధం? ఇదీ పోశెట్టి లెక్క. అమాయకుడు!

చెప్పకుంటే పని పోతుంది. చెబితే హుకుం మీరినందుకూ పని పోతుంది. అయినా తువ్వాల నడుముకు కట్టుకుని ఇన్‌స్పెక్టరు ముందు నిలబడ్డాడు.

"సారూ, గది రాయకుండ్రి. తప్పు. మూడో కుంటకు సుత నేను మూడు పూటలు వెట్టిన."

అంతా చెప్పాడు. ఇన్‌స్పెక్టరు చేతిలో కలం ఆగిపోయింది.

"మూడు నెలల పని పోశెట్టీ! ఎంత పని చేశావయ్యా! ఎందుకు చేశావు?"

పోశెట్టి నీళ్ళ వైపు తిరిగాడు. పోలీసు చర్య జరిగిన ఏడు ఆయన కూతురు నర్మదకు జ్వరమొచ్చింది. నాలుగేళ్ళ పిల్ల. లంఖణం పెట్టండి, మెతుకు తగిలితే ప్రాణం మీదికి వస్తుందన్నారు పెద్దలు. పిల్ల "బాపూ, జర గట్క పెట్టవా" అని రెండు రోజులు అడిగింది. కుండలో గట్క ఉంది. ఆయన పెట్టలేదు. మూడోనాడు పొద్దున ఆ పిల్ల అడగలేదు. ఆ తర్వాత పిల్లలు కలగలేదు. పదహారేళ్ళుగా ఆ సంగతి పోశెట్టి ఎవరితోనూ అనలేదు, ఇప్పుడూ అనలేదు.

"నోరు తెర్సుకొని అడుగుతుంటె ఎట్ల పోను సారూ?" అన్నాడు అంతే. పుస్తకం వైపు చూపిస్తూ, "మీరు రాస్తె అన్ని కుంటలకు గదే హుకుమైతది. అన్ని కుంటల్ల ఆకలే. గందుకు చెప్తున్న" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు ఆ కాగితం చింపాడు. కోపం అయితే వచ్చింది గాని ఎవరిమీద చూపాలో తోచలేదు. "రేపటినుంచి మళ్ళీ మొదలుపెడదాం. మూడో కుంటకు జబ్బార్ వేస్తాడు. నువ్వు మాత్రం అందులో ఒక్క మెతుకు వేయకూడదు. మాటివ్వు."

పోశెట్టి కుంటలోకి దిగి, దోసిట్లో నీళ్ళు తీసుకున్నాడు. గంగమ్మ మీద ఆన పెట్టి మళ్ళీ నీళ్ళలోకి వదిలాడు. ఆయన కులంలో అంతకు మించిన మాట లేదు. "గియ్యాల్టి సంది ఎయ్య సారూ."

ఇన్‌స్పెక్టరు వెళ్ళిపోయాడు. పొద్దు నెత్తి మీదికి వచ్చింది. పోశెట్టి నాలుగో కుంటకు మేత వేసి వచ్చి మూడో కుంట తూము బండ మీద డబ్బా విప్పాడు. మూడో కుంట పిల్లలు అప్పటికే ఒడ్డున ఉన్నాయి. సగం గట్క తిన్నాడు. మిగిలిన సగం ఇన్నాళ్ళూ వాటిది. తను తిందామంటే మనసొప్పలేదు, వాటికి వేద్దామంటే ఆన అడ్డం వచ్చింది. మూత పెట్టేశాడు.

సాయంత్రం నాలుగో కుంట మేత కూడా అయింది. ఆ రోజు పుట్ట దగ్గరికి పోలేదు. ఛాతీ పట్టేసినట్టుంటే వచ్చి అదే బండ మీద, మూడో కుంటకు వీపు పెట్టి కూర్చున్నాడు. వెనక నీళ్ళలో చప్పుడవుతూనే ఉంది. తల తిప్పలేదు.

పొద్దు గూకే ముందు జబ్బార్ వచ్చి పలకరించాడు. పోశెట్టి పలకలేదు. భుజం మీద చెయ్యి వేస్తే పక్కకు ఒరిగిపోయాడు.

కబురందుకుని భార్య సక్కుబాయి పరుగెత్తుకొచ్చింది. ఏడ్చింది, ఆయన మొహం తువ్వాలతో తుడిచింది. నలుగురూ కలిసి బండిలోకి ఎత్తారు. అప్పుడు ఆమె చూపు బండ మీది డబ్బా మీద పడింది. మూత తీసింది.

"గిదేంది భాయీ? మూడు నెలల సంది డబ్బా నాకినట్టు ఖాళీగ అచ్చేది. మంచిగ తింటుండు గదా అని సంబురపడ్డ. గియ్యాల ఎందుకు మిగిలింది?"

జబ్బార్ కళ్ళు తుడుచుకున్నాడు. "తినలే వదినా. దినాం సగం గీ శాపలకే పెట్టిండు. పొద్దుగాల సారు ఒద్దన్నడు. ఇంక పెట్టనని గంగమ్మ మీద ఆన వెట్టిండు. గందుకే మిగిలింది."

సక్కుబాయి డబ్బా వంక చూసింది. నీళ్ళ వంక చూసింది. ఒడ్డు నిండా నోళ్ళు. నర్మద పోయిన నాడు కుండలో మిగిలిన గట్కను పారబోసింది ఈ చేతులే. ఆమె మెల్లగా గట్టు దిగింది.

"వదినా, రేపటి సంది కొత్త లెక్క. సారు కోపం జేస్తడు" అన్నాడు జబ్బార్, ఆపలేక ఆపలేక.

"ఆన వెట్టింది గాయన" అంది సక్కుబాయి. "నేను వెట్టలే."

గట్కంతా చిదిమి చిదిమి నీళ్ళలో వేసింది. ఆఖరి మెతుకు దాకా వేసి, డబ్బాను బండ మీదే పెట్టి, బండి వెంట నడిచింది. తూము బండ మీద డబ్బా మూత తీసి ఉంది, అంచున ఆమె వేళ్ళ నుంచి అంటిన గట్క ఇంకా తడి ఆరలేదు.